పంటకుంటలలో చేపల పెంపకము: చట్టము సమ్మతించు జాతుల ఎంపిక

(కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతముల రైతుల ఉపయోగార్థము)

కర్నూలు, కడప సీమల మెట్టపొలములలో వర్షపునీటిని నిలుపుకొనుటకై రైతులు తమ పట్టాభూములయందు పంటకుంటలు త్రవ్వించుకొనుట నానాటికి హెచ్చుచున్నది. కుంటలో నీరు నిలిచినంత కాలము అందు చేపలను పెంచినయెడల ఇంటిల్లిపాదికిని పుష్టికరమైన ఆహారము లభించును. మిగిలినది సంతలో విక్రయింపవచ్చును. అడుగున చేరిన ఒండ్రు పొలమునకు మంచి ఎరువగును. ఒక్క నీటివలన మూడు లాభములు కలుగుచున్నవి.

అయితే కుంటలో ఏ చేపనైనను వదలవచ్చునని తలంచుట పొరపాటు. కొన్ని జాతులు ఈ దేశమున నిషేధింపబడియున్నవి. కొన్నిటిని ప్రభుత్వము వారి అనుమతి పొందిన పిమ్మటనే పెంపవలెను. మఱికొన్నిటికి చట్టమున అడ్డు లేకున్నను ఈ మెట్టసీమ నీటికి అవి తగవు. సైకిలుమీదనో, మోటారుబండిమీదనో పిల్లలను తెచ్చి గ్రామములలో అమ్మువారు “ఇది ఆరు మాసములలో కిలోకు మించును” అని చెప్పుదురే కాని, దాని జాతి యేదో, దానికి అనుమతి కలదో లేదో చెప్పరు. నష్టము వచ్చినప్పుడు కుంట గల రైతే బాధ్యుడగును. కావున పిల్లలను కొనుటకు ముందే ఈ క్రింది విషయములు తెలిసికొని యుండుట మంచిది.

1. ఈ సీమకు నీటి నిలువయు, చేపల పెంపకమును క్రొత్తవి కావు

కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువు కట్టపైనున్న శాసనము 1369వ సంవత్సరము నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు కలుగు ఆఱు దోషములను ఆ శాసనము లెక్కించి చెప్పుచున్నది. నీరు నిలుచుట యనునది ఈ సీమ పెద్దలు శాస్త్రముగా ఎంచిన పని యనుటకు ఇది చాలును.

కర్నూలు–కడప కాలువను 1860 తరువాతి దశకమున మద్రాసు ఇరిగేషను కంపెనీ వారు త్రవ్వింపగా, 1882లో ప్రభుత్వము వారు దానిని కొనిరి. ఆ కాలువకు తలయైన సుంకేసుల యొద్ద 1911 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము వారు చేపల క్షేత్రమును నెలకొల్పిరి. దక్షిణదేశమున చేపల పెంపకమునకై ఏర్పడిన తొలి క్షేత్రములలో అది యొకటి. గోదావరికి సహజమైన బొచ్చెచేపను దక్షిణాది నీళ్లలోనికి తెచ్చి వృద్ధి చేయు ప్రయత్నములు ఆ కాలముననే ఆరంభమైనవి. నేడు ఈ ప్రాంతమున కానవచ్చు బొచ్చె అట్లు మనుష్యులు తెచ్చి పెంచినదే. తెచ్చిన చేప యెల్ల చెడ్డది కాదు. విచారించి తెచ్చినదానికిని, దొంగచాటుగా తెచ్చినదానికిని భేదము కలదు. ఈ భేదమునే చట్టము పాటించుచున్నది.

2. ముందుగా నీటి గడువును లెక్కించుకొనవలెను

ఈ జిల్లాలలో సాలీనా వర్షపాతము సుమారు 650 నుండి 700 మిల్లీమీటర్ల వఱకు ఉండును. కర్నూలు వైపు నైరృతి వానలు ప్రధానములు. కడప వైపు ఈశాన్యపు వానలును కొంత తోడ్పడును. వేసవి యెండకు కుంటనీరు త్వరగా ఆవిరియగును. నల్లరేగడి నేలలో త్రవ్విన కుంట నీటిని పట్టియుంచును. ఎఱ్ఱనేలలోనిది అడుగునుండి ఇంకిపోవును; అట్టిదానికి బంకమట్టి పూతయో, ప్లాస్టిక్కు పట్టాయో పఱచక తప్పదు.

రైతు తన కుంటను ఒక సంవత్సరము గమనించి, నాలుగు అడుగులకు తక్కువ కాని లోతున నీరు ఎన్ని మాసములు నిలుచునో వ్రాసి యుంచుకొనవలెను. ఆ లెక్కను బట్టియే జాతిని, పిల్ల పరిమాణమును నిర్ణయింపవలెను.

ఎనిమిది నుండి పది మాసములు నీరు నిలుచు కుంటలో వ్రేలెడు పిల్లలను వదలినను పంట చేతికి వచ్చును. అయిదాఱు మాసములు మాత్రమే నిలుచు కుంటలో వ్రేలెడు పిల్లలు తగవు. 100 గ్రాములకు తక్కువ కాని ఏడాది పిల్లలను వదలవలెను. ఇఱుకు నీటిలో తక్కువ మేతతో ఒక సంవత్సరము ఉంచబడిన ఇట్టి పిల్లలు విశాలమైన నీటిలో పడినంతనే వేగముగా ఎదుగును. నాలుగు మాసములైనను నీరు నిలువని కుంటను చేపలకు కాక పైరు తడుపుటకే వాడుకొనుట మేలు.

3. సంశయము లేక వదలదగిన జాతులు

బొచ్చె. పెద్ద తల, వెడల్పైన పొలుసులు గల చేప. నీటి పైభాగమున తిరుగుచు సూక్ష్మప్రాణులను తినును. మేలైన పోషణయందు సంవత్సరమునకు ఒక కిలో తూగును. లోతు తక్కువైన కుంటలో సరిగా ఎదుగదు.

శీలావతి. దీనినే రోహు అనియు, కొన్నిచోట్ల రాగండి అనియు అందురు. నీటి నడిమి భాగమున మేయును. సంతలో గిరాకి గలది. భువనేశ్వరములోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధనాలయము వారు ఎన్నికచే వృద్ధి చేసిన జయంతి రోహు అను వంగడము సాధారణపు శీలావతికంటె వేగముగా ఎదుగును.

ఎఱ్ఱమోసు. దీనికి మృగాల అని మఱియొక పేరు. అడుగున మేయును. క్రుళ్లిన ఆకు అలములను తినును గనుక కుంట అడుగును శుభ్రముగా ఉంచును.

ఈ మూడును మన దేశపు నదులలో పుట్టినవి. వీనిని పెంచుటకు జాతి విషయమున నిషేధము లేదు. ఒకటి పైనను, ఒకటి నడుమను, ఒకటి అడుగునను మేయుటచే ఒకదానికొకటి అడ్డురావు. ఇవి నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టవు. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ నందు డాక్టరు హీరాలాల్ చౌధురి, అలీకున్హి మున్నగువారు సూదిమందుచే ఈ జాతులచేత గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి నదిని ఆశ్రయింపకయే పిల్లలు లభించుచున్నవి. జూలై 10వ తేదీని నేటికిని జాతీయ మత్స్యరైతుల దినముగా పాటించుచున్నారు. కుంటలో తమంతట తాము పెరిగి కిక్కిరిసిపోకుండుట రైతునకు మేలే.

బంగారుతీగ. ఇది విదేశీ చేప. 1939లో ఒక వంగడము నీలగిరులకును, 1957లో మఱియొకటి బ్యాంకాకునుండియు వచ్చినవి. అధికారయుతముగా తేబడి, దేశమంతట వ్యాపించి, నేడు అనుమతింపబడియున్నది. గట్టి నీటిని, వేడిమిని సహించును గనుక మెట్టసీమకు తగును. అయితే మేతకై కట్టను త్రవ్వును. నిలిచిన నీటిలోనే గ్రుడ్లు పెట్టును. కావున మొత్తము పిల్లలలో నూటికి ఇరువదికి మించి వదలరాదు. మట్టికట్ట బలహీనముగా ఉన్నచోట అసలే వదలరాదు.

గడ్డిచేప, వెండిచేప. ఈ రెండును 1959లో పరిశోధకుల ద్వారా కటకమునకు తేబడినవి. గడ్డిచేప నీటికలుపును తిని కుంటను బాగుచేయును. కలుపు లేనిచో గట్టుమీది పచ్చగడ్డి వేయవలెను. వెండిచేప బొచ్చె తిను మేతనే తినును. సంతలో ధరయును తక్కువ. బొచ్చె వేసినచోట వెండిచేప అక్కఱ లేదు.

కొరమేను. ఈ దేశపు చేప. తెలంగాణ రాష్ట్రపు చేపగా ఎన్నుకొనబడినది. గాలి పీల్చి బ్రతుకగలదు గనుక తక్కువ నీటిలోను నిలుచును. ధర ఎక్కువ. అయితే ఇతర చేపల పిల్లలను తినును. తన పిల్లలనే చిన్నవానిని పెద్దవి తినును. దీనిని వేఱు కుంటలో, ఒకే పరిమాణము గల పిల్లలుగా ఏఱి పెంపవలెను. వాననాడు కట్టదాటి పోకుండ చుట్టును వల కట్టవలెను.

నాటు మార్పు. నలుపు చాయ గల మీసాల చేప. ఇదియు ఈ దేశపుదే, చట్టసమ్మతమైనదే. అయితే దీని పిల్లలు అరుదుగా దొరకును. దీని పేరుతోనే నిషిద్ధమైన చేపను అమ్ముచున్నారు గనుక 6వ భాగము చదివిన తరువాతనే కొనవలెను.

4. అనుమతి పొందిన పిమ్మటనే పెంపదగినవి

తిలాపియా. ఆఫ్రికా ఖండపు చేప. మొజాంబిక్ తిలాపియా అను రకము 1952లో ఈ దేశమునకు వచ్చెను. నోటిలో గ్రుడ్లు దాచుకొని పొదుగుచు, కొలది మాసములకే మరల మరల పిల్లలు పెట్టి, చెఱువంతయు వ్రేలెడు చేపలతో నింపివేయుట చూచి, 1959లో దాని వ్యాప్తిని నిషేధించిరి. ఇది మానదగినది. ఇక వేగముగా ఎదుగునట్లు ఎన్నిక చేయబడిన గిఫ్ట్ తిలాపియాను ప్రభుత్వము వారు నియమములతో అనుమతించిరి. మగపిల్లలను మాత్రమే, అనుమతి గల హేచరీనుండియే కొనవలెను. పెంచువారు మత్స్యశాఖ యొద్ద నమోదు చేసికొనవలెను. నీరు వెలుపలికి పోవు మార్గములకు జాలీలు బిగింపవలెను. కృష్ణాజిల్లా మానికొండ యందు రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రము వారు గిఫ్ట్ తిలాపియా పిల్లలను ఉత్పత్తి చేయు ఏర్పాటు గావించిరి.

పంగాసియస్. వ్యాపారులు ఫంగస్ అని పిలుచునది ఇదియే. మెకాంగ్ నదీ ప్రాంతపు చేప. 1995 ప్రాంతమున బంగ్లాదేశము మీదుగా వచ్చెను. దీనికిని ప్రభుత్వ నియమావళి కలదు, నమోదు అవసరము. కొన్న మేతపై ఆధారపడి పెరుగు చేప గనుక చిన్న కుంట గల రైతునకు గిట్టుబాటు సందేహాస్పదము.

రూప్‌చంద్. దక్షిణ అమెరికా నదులనుండి వచ్చిన ఎఱ్ఱపొట్ట చేప. ఆంధ్రదేశమున విరివిగా పెంచుచున్నారు. సంతలో కనబడుచున్నది గదా యని అనుమతి ఉన్నట్లు భావింపరాదు. దీనిని వదలదలచినవారు మత్స్యశాఖ అధికారిని ముందుగా విచారించి, ఆయన చెప్పిన విధమున నడువవలెను.

5. ఎట్టి పరిస్థితులలోను వదలరానివి

ఆఫ్రికా క్యాట్‌ఫిష్. దీనినే థాయి మాగురు అందురు. 2000 సంవత్సరమున భారత ప్రభుత్వము దీని పెంపకమును నిషేధించినది. ఆ పిమ్మట జాతీయ హరిత న్యాయస్థానము ఈ నిషేధమును కచ్చితముగా అమలు జరుపవలెనని ఉత్తరువు చేసెను. ఇది మిక్కిలి ఆబగల మాంసాహారి. దొరికిన చేపను, కప్పను, గ్రుడ్డును మ్రింగును. దీనికి పశువధశాలల వ్యర్థములను, క్రుళ్లిన మాంసమును మేతగా వేయుట వాడుకయై యున్నది. అందువలన నీరు కలుషితమై పరిసర గ్రామములకు దుర్గంధము, రోగభయము కలుగుచున్నవి.

బిగ్‌హెడ్. చైనా దేశపు పెద్దతల చేప. అనుమతి లేక దేశములోనికి తేబడినది; నిషిద్ధము. బొచ్చె తిను మేతనే తిని, బొచ్చెను ఎదుగనీయదు.

రాకాసిచేప. గాజుతొట్లలో పాచిని తినునని అమ్మబడు, ఒడలెల్ల ఎముకపలకలతో కప్పబడిన దక్షిణ అమెరికా చేప ఇది. తొట్టిలో పెరిగిన దానిని జాలిపడి కాలువలో వదలువారివలన వ్యాపించినది. కట్టలలో బొరియలు చేయును, వలలను చింపును, తినుటకు పనికిరాదు. ఇంట తొట్టి గలవారు దీనిని కుంటలోగాని వాగులోగాని వదలరాదు.

గంబూసియా. దోమపిల్లలను తినునని 1928లో ఈ దేశమునకు తెచ్చిన చిన్నచేప. ప్రపంచమున మిక్కిలి హానికరములైన నూఱు పరదేశ జీవులలో దీనిని కూడ శాస్త్రజ్ఞులు చేర్చియున్నారు. చేపలు పెంచు కుంటలో దీనివలన ప్రయోజనము లేదు. ఇతర చేపల గ్రుడ్లను, పసిపిల్లలను తినును.

6. నిషిద్ధ జాతులను గుర్తించు విధము

నాటు మార్పునకును ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌నకును నాలుగేసి జతల మీసములు ఉండును గనుక చూపునకు ఒకటిగా తోచును. భేదమును ఇట్లు తెలియవలెను. తల వెనుక, వీపు మొదలగుచోట నున్న ఎముక నాటు మార్పునకు ఒకే మొనతో కోసుగా ఉండును; ఆఫ్రికా చేపకు ఆ అంచు వంకరలు తిరిగి, ఒకటికంటె ఎక్కువ మొనలు గలదై ఉండును. నాటుదాని ఒడలు ఒకే చాయగా ఉండును. ఆఫ్రికాదాని ఒడలిపై బూడిదరంగు మచ్చలు చలువరాతి చారలవలె ఉండును. అన్నిటికంటె సులభమైన గుఱుతు ఎదుగుదల. నాటు మార్పు ఎనిమిది, పది మాసములకు 150 గ్రాములు తూగుటయే గొప్ప. అమ్మువాడు “మార్పు” అని పేరుచెప్పి అయిదాఱు మాసములలో కిలో అగునన్నచో అది నాటుది కాదని తెలిసికొనవలెను.

బొచ్చెకును బిగ్‌హెడ్‌నకును భేదము పొలుసులయందున్నది. బొచ్చె పొలుసులు పెద్దవి, ఎంచదగినవి. బిగ్‌హెడ్ పొలుసులు మిక్కిలి చిన్నవి. ఒడలిపై నల్లని మరకలుండును. కన్ను క్రిందికి దిగియుండును. వెండిచేపకును దీనికిని భేదము పొట్ట అంచును తడవి తెలిసికొనవచ్చును. వెండిచేపకు గొంతునుండి మలద్వారము వఱకును పొట్ట అంచు పదునుగా ఉండును. బిగ్‌హెడ్‌కు పొట్టరెక్కల నుండి వెనుకకు మాత్రమే పదునుండును.

వ్రేలికంటె చిన్న పిల్లలలో ఈ గుఱుతులు స్పష్టముగా కానరావు. కావున తెలియని వానియొద్ద చిన్నపిల్లలను కొనకుండుటయే మేలు.

7. “నా కుంట, నా చేప” అనుట ఏల చెల్లదు

తన పొలములో, తన నీటిలో పెంచుకొన్న చేప పరులకేమి చేయునని కొందఱు రైతులు అడుగుదురు. మెట్టసీమ కదా, ఇచట వరద యెక్కడిదని మఱికొందఱు అందురు. 2009 అక్టోబరు ఆరంభమున తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమే నీట మునిగెను. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములను ముంచివేసెను. పది సంవత్సరములు ఎండిన వాగు ఒక్క రాత్రిలో కుంట కట్టలను కలుపుకొని పోవుట ఈ సీమలో వింత కాదు.

కుంటలోని నీరు పొర్లిన చేప వాగున పడును. వాగునుండి కుందూనదికి, కుందూనుండి పెన్నకు చేరును. దారిలో ఎన్ని ఊరచెఱువులు కలవో అన్నిటను నిలుచును. ఆ చెఱువులలో బొచ్చె, శీలావతి పిల్లలను వేసికొని, వానిపై ఆధారపడి బ్రతుకు బెస్తల సహకార సంఘములు కలవు. మాంసాహారియైన పరదేశపు చేప ఒకమాఱు చెఱువున చేరినచో వారు వేసిన పిల్లలు దానికి మేతయగును. చెఱువు పూర్తిగా ఎండినగాని అది పోదు. బురదలోను, గాలి పీల్చుచును బ్రతుకగలదు గనుక ఎండినను పోవునని నమ్మకము లేదు. పరిగెలు, జెల్లలు మొదలైన నాటుచేపలు నశించును. ఒక రైతు పొందదలచిన లాభము పలు కుటుంబముల కూటిని హరించును. చట్టము ఆ జాతులను పట్టాకుంటలలోను నిషేధించుటకు ఇదియే కారణము.

నిషిద్ధమైన చేపలు కనబడినయెడల అధికారులు వానిని పట్టించి, గోతిలో పూడ్పించుదురు. మేతకును పిల్లలకును పెట్టిన సొమ్ము మట్టిపాలగును. దానికి నష్టపరిహారము కోరుటకు వీలుండదు.

8. పిల్లలను కొనునప్పుడు

ఆంధ్రప్రదేశమున చేపవిత్తనపు నాణ్యతకై 2006లో చట్టము ఏర్పడినది. 2020లో మఱియొక చట్టముచే రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడి, చేపల పెంపకమునకు అనుజ్ఞాపత్రములు ఇచ్చుచున్నది. విక్రయము కొఱకు పెంపదలచినవారు గ్రామ మత్స్య సహాయకునితోగాని, మండల కేంద్రపు మత్స్యశాఖ అధికారితోగాని మాటలాడి, తమ కుంటకు ఏ నమోదు అవసరమో తెలిసికొని, దరఖాస్తు నకలును భద్రపఱచుకొనవలెను.

పిల్లలను ప్రభుత్వ క్షేత్రమునుండిగాని, నమోదైన హేచరీనుండిగాని కొనవలెను. రసీదులో జాతి పేరు, సంఖ్య, తేదీ వ్రాయించుకొనవలెను. “కలగలుపు పిల్లలు” అని అమ్మువానియొద్ద ఎంత చౌకయైనను కొనరాదు. నల్లమల వాగులనుండి పిల్లలను పట్టి తెచ్చుట తగదు; అభయారణ్యమునుండి అనుమతి లేక జీవులను తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. ఊరచెఱువు పంచాయతీదో ప్రభుత్వముదో యగును. కౌలు పొందక అందు పిల్లలను వదలుటగాని పట్టుటగాని చేయరాదు.

9. పది సెంట్ల కుంటకు లెక్క

ఎండిన కుంటను దున్ని, కొన్నాళ్లు ఎండనిచ్చినచో పాతచేపలును పురుగులును నశించును. పిమ్మట 8 నుండి 10 కిలోల సున్నము చల్లవలెను. నీరు నిండిన తరువాత 80 కిలోల పేడ వేసి, ఆపై మాసమునకు 40 కిలోల చొప్పున ఎనిమిది మాసములు వేసినచో మొత్తము 400 కిలోలగును. ఎండిపోని కుంటలో పాతచేపలను చంపుటకు ఇప్పపిండిని ఎకరమునకు వేయి కిలోల చొప్పున, అనగా పది సెంట్లకు నూఱు కిలోలు, పిల్లలను వదలుటకు మూడు వారములు ముందు వేయవలెను. ఇతర విషములు వాడరాదు. చేపలను పట్టుటకు నీటిలో విషము కలుపుటయు, మందుగుండు ప్రేల్చుటయు 1897 నాటి భారత మత్స్యచట్టముచే నేరములుగా ఎంచబడినవి.

నీరు లేతాకుపచ్చగా మాఱిన పిమ్మట సెంటుకు ఇరువది చొప్పున 200 పిల్లలను వదలవలెను. వీనిలో బొచ్చె 80, శీలావతి 60, ఎఱ్ఱమోసు 60 ఉండుట యుక్తము. లోతు తక్కువైనచో బొచ్చెను 40కి తగ్గించి, ఆ లోటును బంగారుతీగచే పూరింపవచ్చును. పిల్లల సంచిని ఉదయపు చల్లదనమున కుంటనీటిపై పావుగంట తేలనిచ్చి, కొంచెము కొంచెముగా కుంటనీరు సంచిలోనికి పోసి, పిమ్మట విడువవలెను.

మేతగా తవుడును వేరుసెనగ పిండిచెక్కయు సమభాగములు కలిపి వేయవలెను. వేరుసెనగ ఈ సీమ పంటయే గనుక పిండిచెక్క దూరమునుండి తేనక్కఱలేదు. నూఱేసి గ్రాముల పిల్లలు 200 వదలినచో వాని మొత్తపు తూనిక 20 కిలోలు. దానిలో నూటికి రెండు మూడు వంతులు, అనగా రోజునకు 400 నుండి 600 గ్రాములు మేత చాలును. ఎదుగుదలను బట్టి హెచ్చింపవలెను. నూటికి ఎనుబది బ్రతికి, ఒక్కొక్కటి ముప్పాతిక కిలో తూగినచో 160 చేపలకు 120 కిలోలగును. ఇది మంచి పోషణయందు ఆశింపదగిన లెక్క. నీరు ముందే తగ్గినచో ఇంతకు లోపడియే వచ్చును.

10. పంటను కాపాడుకొనుట

మోచేతివఱకు నీటిలో ముంచి అరచేతిని చూడవలెను. అరచేయి కానరానియెడల పచ్చదనము ఎక్కువైనదని ఎఱిగి పేడను, మేతను ఆపవలెను. తెల్లవాఱుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నచో నీటిలో ప్రాణవాయువు తక్కువైనదని అర్థము. వెంటనే క్రొత్తనీరు పెట్టవలెను. బోరునీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక గొట్టమును ఎత్తున కట్టి నీరు చెదరిపడునట్లు చేయవలెను.

పత్తి, మిరప చేలకు కొట్టు పురుగుమందులు, అందును సింథటిక్ పైరిత్రాయిడ్ జాతి మందులు, చేపలకు కాలకూటములు. మందుకొట్టు పంపులను కుంటలో కడుగరాదు. మందుకొట్టిన చేనినీరు కుంటలోనికి దిగకుండ గట్టు వేయవలెను.

నీరు వచ్చు దారికిని, పొర్లిపోవు దారికిని సన్నకన్నుల ఇనుపజాలీ బిగించి, ప్రతి వానకు ముందును పరీక్షింపవలెను. అనుమతింపబడిన విదేశీ చేపలైన బంగారుతీగ, గడ్డిచేప, వెండిచేపలను వాగులలోనికి వదలరాదు. పెంచుట ఇక వలదనుకొన్నచో పట్టి తినవలెనే కాని, పుణ్యమని ఏటిలో విడువరాదు.

11. ముఖ్యాంశములు

ఒకటి: నీటి గడువును కొలిచి, ఆ పిమ్మట జాతిని ఎంచుకొనవలెను.

రెండు: బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మూడును కలిపి వేయుట ఈ సీమకు క్షేమమైన మార్గము. తక్కువ నీటికి బంగారుతీగను కొలదిగా చేర్చవచ్చును. కొరమేనును వేఱుగా పెంపవలెను.

మూడు: తిలాపియా, పంగాసియస్, రూప్‌చంద్ విషయమున మత్స్యశాఖ వారి మాట లేనిదే సాహసింపరాదు.

నాలుగు: ఆఫ్రికా క్యాట్‌ఫిష్, బిగ్‌హెడ్, రాకాసిచేప, గంబూసియాలను కుంటలోనికి రానీయరాదు. పొరపాటున వచ్చినట్లు కనబడినచో దాచక, నీరు విడువక, ముందుగా అధికారికి తెలుపవలెను. వాన రాకముందు తెలిసినచో ఒక్క కుంటతో పోవును; వచ్చిన తరువాతనైన ఏటిపాలగును.

అయిదు: రసీదు లేని పిల్లలను కొనరాదు.

పూర్వము ఈ సీమ గ్రామములు కొన్ని కుంఫిణీ వారి క్రిందను, కొన్ని 1948లో మద్రాసు రాష్ట్రమున చేరిన బనగానపల్లె సంస్థానము క్రిందను ఉండెడివి. ఏలుబడి మాఱినను చెఱువునకు చెఱువునకు నడుమ వాగు మాఱలేదు. ఎగువ రైతు కుంటలో వదలినది దిగువ గ్రామపు వలలో పడును. ఆ వలలో మంచిచేప పడునట్లు చూచుట ఎగువ రైతు చేతిలోనే యున్నది.